ఇంటిలో పుట్టిన ఆటబొమ్మలు

పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళినవారు ఆటవస్తువుల బీరువా ముందు ఒక్క నిమిషమైనా నిలువక మానరు. కాల్చిన మట్టి ఎడ్లు, రాతి గోళీలు, దంతపు పాచికలు, చక్రాలు ఊడిపోయిన చిన్న బండ్లు అద్దాల వెనుక వరుసగా కూర్చుండి ఉంటవి. ఆ వరుసలో గుడ్డబంతి కనిపించదు. తాటాకు గిలక కనిపించదు. జొన్నదంటు బండి అసలే కనిపించదు. అవి లేకపోవుటకు కారణం పూర్వులు వాటిని చేయకపోవుట కాదు. అవి మన్నులో మన్నయిపోవుట. మట్టి కాలితే వేల ఏండ్లు నిలుస్తుంది, చీర పేలిక రెండు వానలకు చీకిపోతుంది. కనుక ఆటబొమ్మల చరిత్ర అని మనము చదువుకొనేది, నిజానికి కుళ్ళిపోని ఆటబొమ్మల చరిత్ర మాత్రమే. తప్పటడుగులు వేసే పిల్లల చేతులలో యుగయుగాలుగా ఎక్కువగా ఆడినవి ఆ కుళ్ళిపోయేవే. తల్లి, అమ్మమ్మ, అక్క, పాలేరు, ఎవరి తీరికను బట్టి వారు, ఇంటిలో చేతికందిన దానితో చేసి ఇచ్చినవి అవి.

వాటి చరిత్రను కొంత పోగుచేసి శ్రోతల ముందు ఉంచవలెనని మేము అనుకొన్నాము. అద్దాల బీరువాలో సాక్ష్యం దొరకదు కనుక ఒక నాటకాన్ని, ఒక తమిళ కావ్యాన్ని, మన పల్లెల వాడుకను, చివరకు వైద్యుల పరిశోధనలను కూడా సాక్షులుగా పిలువవలసి వచ్చింది. ఈ సాక్షులందరినీ కలిపి చూచుటకు అనువైన చోటు ఒకటి హైదరాబాదు పొలిమేరలోనే ఉన్నది. మేడ్చల్ వైపు పోయే నాగపూరు రహదారిమీద కొంపల్లి దాటకముందే పడమటికి తిరిగితే దూలపల్లి వస్తుంది. పేరులో దూలం ఉన్నది గదా అని ఆ ఊరి పేరుకు వ్యుత్పత్తి చెప్పబూనుట మా ఉద్దేశం కాదు గాని, కలపకూ ఆ ఊరికీ సంబంధం మాత్రం ఉన్నది. రాష్ట్ర అటవీ అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ రెండూ అక్కడనే ఉన్నవి. ఏ చెట్టు ఏ పనికి వచ్చునో చదువుకొనేవారు అక్కడికి వస్తారు. ఆ విద్యాలయాల గోడ ఇవతల, నిన్నమొన్నటి దాకా చేలూ ఇప్పుడు మేడలూ ఉన్న ఊరిలో, ఏ చెట్టునూ నరకకుండానే బొమ్మలు చేసిన మరొక విద్య ఉండేది. దాని సంగతి తరువాత వస్తుంది. ముందు పాతకాలానికి పోదాము.

హరప్పాలో 1921లో, మొహెంజొదారోలో 1922లో త్రవ్వకాలు మొదలైనప్పుడు బయటపడిన వస్తువులలో ఆటబండ్లు అనేకం. మట్టి చట్రం, మట్టి చక్రాలు, ఇరుసుగా ఒక పుల్ల. ఆ పుల్ల మాత్రం ఎక్కడా మిగలలేదు, బెజ్జం మిగిలింది. పక్షి ఆకారపు ఈలలు దొరికినవి. లోపల మట్టి గుళికలు వేసి కాల్చిన గిలకలు దొరికినవి. దారం లాగితే తల ఊపే ఎద్దు కూడా ఒకటి దొరికింది. దాని దారమూ మిగలలేదు. కొన్ని బొమ్మలు నేర్పరియైన కుమ్మరి చేసినవి. మరి కొన్ని ఎంత మొరటుగా ఉన్నవంటే, వాటిని పిల్లలే చేసికొని ఉంటారని త్రవ్వినవారు అభిప్రాయపడినారు. నాలుగువేల ఏండ్ల క్రిందట ఆ ఇంటి పొయ్యి ప్రక్కన మట్టి పిసుకుచున్న పిల్లవానిని ఊహించుకొనుటకు ఇంతకంటె ఆధారం అక్కరలేదు.

మన ప్రాంతంలో కొండాపురం ఉన్నది. నేడు హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలు వెలసిన కొండాపూరు కాదు. సంగారెడ్డి జిల్లాలోని శాతవాహనుల నాటి పాతఊరు. 1940 దశకపు ఆరంభంలో నిజాము ప్రభుత్వ పురావస్తు శాఖవారు అక్కడ త్రవ్వించినప్పుడు తెల్లని మెత్తటి మట్టితో, రెండు అచ్చుల నడుమ అదిమి, లోపల బోలుగా చేసిన బొమ్మలు దొరికినవి. చేసిన పనివారి చేతివాటం చూచి ఆశ్చర్యపడవలసిందే. కాని అవి అచ్చుబొమ్మలు. అచ్చు ఉన్నచోట అంగడి ఉంటుంది. మనము వెదకుచున్నది అంగడి చేరనిదానిని.

దానిని భద్రంగా దాచి మనకు అందించినవాడు పురావస్తు శాస్త్రజ్ఞుడు కాదు, నాటకకర్త. శూద్రకుని మృచ్ఛకటికం పేరు విననివారు తక్కువ. ఆ పేరుకు అర్థం మట్టిబండి అని తెలిసినవారిలో కూడా, ఆ బండి ఎవరు చేసినదో గుర్తుంచుకొన్నవారు తక్కువ. దానధర్మాల వల్ల సిరి కోల్పోయిన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు. పొరుగింటి పిల్లవాని బంగారుబండితో కొంతసేపు ఆడుకొన్నాడు. వారు దానిని తీసికొనిపోయినారు. ఇక ఏడుపు. అప్పుడు ఇంటి దాసి రదనిక తన చేతులతో మట్టిబండి ఒకటి చేసి ఇచ్చింది. పిల్లవాడు ఒప్పుకొనలేదు. బంగారు బండియే కావలెనన్నాడు. ఆ సమయాన ఆ ఇంట ఉన్న వసంతసేన ఆ ఏడుపు చూడలేక తన ఒంటిమీది నగలు తీసి ఆ మట్టిబండిని నింపింది. వాటితో బంగారుబండి చేయించుకొమ్మన్నది.

తరువాతి కథ తెలిసినదే. ఆ నగలు తిరిగి ఇచ్చివేయుటకు విదూషకుడు మైత్రేయుడు వాటిని దగ్గర ఉంచుకొని తిరుగుచుండగా, సరిగా న్యాయసభలోనే అవి జారిపడినవి. చారుదత్తుడు నగల కోసం వసంతసేనను చంపినాడన్న అబద్ధపు నేరానికి అవే సాక్ష్యమైనవి. అతడు వధ్యస్థానం దాకా పోవలసి వచ్చింది. ఒక పసివాని ఆటబొమ్మ ఒక నాటకానికి పేరై, కథకు ఇరుసై, తండ్రి మెడమీదికి కత్తి తెచ్చిన ఉదాహరణ మరొక సాహిత్యంలో ఉన్నదేమో గాని మాకు ఇదే ముద్దు. పండితులు ఈ నాటకంలో వసంతసేన ఔదార్యాన్ని వేనోళ్ళ కొనియాడినారు. రదనికను గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఏడుస్తున్న పిల్లవానిని చూచి, ఇంటిలో డబ్బు లేకపోయినా మట్టి ఉన్నది గదా అని పూనుకొని చేసినది ఆమె. మన చరిత్రకు నాయిక ఆమెయే.

బంగారు బండి కోసం ఏడ్చిన రోహసేనుని కూడా మనము తప్పు పట్టనక్కరలేదు. ఎదురింటి పిల్లవాని చేతిలో మెరిసేది కనబడితే తన చేతిలోనిది వెలవెలబోవుట ఆ వయసుకు సహజం. అంగడి బొమ్మకూ ఇంటి బొమ్మకూ తగవు అంత పాతదన్నమాట.

తమిళ సంగం కావ్యాలలో ఒకటైన పట్టినప్పాలైలో కావేరీపట్టణపు వర్ణన ఉన్నది. కరికాల చోళుని కాలపు కలిమిని చెప్పుటకు కవి ఒక ముచ్చట చూపించినాడు. వాకిట ఆరబోసిన ధాన్యాన్ని కోళ్ళు తినబోతే ఇల్లాండ్రు చెవికమ్మలు తీసి విసిరికొట్టినారు. ఆ బంగారు కమ్మలు దారిలో పడి, పిల్లలు గుర్రాలు లేకుండా దొర్లించుకొనే మూడుచక్రాల చిన్నతేరుకు అడ్డు తగిలినవి. కవి దృష్టి బంగారం మీద. మన దృష్టి మూడుచక్రాల మీద. నడక నేర్చే పిల్లవానికి మన పల్లె వడ్రంగి చేసి ఇచ్చే నడకబండికి కూడా మూడే చక్రాలు: ముందు ఒకటి, వెనుక రెండు, పట్టుకొనుటకు నిలువు చట్రం. వడ్రంగి నాగలి పనిలో మిగిలిన ముక్కలతోనే అది తయారయ్యేది. ఏటా గింజలు కొలిచి ఇచ్చే ఇంటికి దానికోసం వేరుగా వెల కట్టేవాడు కాడు.

పాశ్చాత్యులలోనూ ఈ విషయం పెద్దవారి దృష్టికి వచ్చింది. గ్రీసుదేశపు అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో పిల్లల గిలకను ప్రస్తావించి, ఆర్కిటస్ కల్పించిన ఆ గిలకను చేతికిస్తే పసివాండ్రు ఇంటిలోని సామాను పగులగొట్టకుండా ఉంటారని మెచ్చుకొన్నాడు. ఆర్కిటస్ గొప్ప గణితవేత్త. ఏ గ్రీకు దాది చేతిలోనో అంతకు చాలా ముందే గలగలమన్న గిలకకు, గణితవేత్త చేసిన తరువాతనే గ్రంథంలో చోటు దొరికిందని మా అనుమానం.

మన తెలుగునాట కొయ్యబొమ్మకు గొప్ప పేరున్నది. కొండపల్లి, నిర్మల, ఏటికొప్పాక అనగానే ఎవరికైనా కళ్ళముందు రంగులు మెదులుతవి. కొండపల్లి, నిర్మల బొమ్మలకు తెల్లపొణికి కర్ర వాడుతారు. తేలికైన మెత్తని కలప అది. కొండపల్లిలో విడివిడి భాగాలను చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క రంగు ఎక్కిస్తారు, అక్కడి సి. వి. రాజుగారు మొక్కల నుండి తీసిన రంగులను ఆ పనిలోకి తిరిగి తెచ్చి 2023లో పద్మశ్రీ గౌరవం పొందినారు. నోట పెట్టుకొనే వయసు పిల్లలకు రంగు మంచిదై ఉండవలెనన్నది ఆయన చేసిన పని వెనుకనున్న ముఖ్యమైన సంగతి. కాని ఈ మూడు ఊళ్ళ బొమ్మలలో, లక్కపిడతలను మినహాయిస్తే, చాలవరకు కొలువులో నిలబెట్టుటకు, గూటిలో అలంకరించుటకు పుట్టినవి. బొమ్మలకొలువు దగ్గరికి పసివాడు ప్రాకుతూ వస్తే అందరూ కలసి వానిని వెనుకకు లాగుతారే గాని, దశావతారాలను వాని చేతికియ్యరు. పైగా ఆదిలాబాదు అడవులలో పొణికి కరవైనదని నిర్మల పనివారు మొరపెట్టుకొంటూనే ఉన్నారు. ఆ చెట్ల లెక్క దూలపల్లిలో శిక్షణ పొందే అటవీ ఉద్యోగులకు సంబంధించిన విషయం.

ఇక గోడ ఇవతలి విద్య. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంతా ఒకప్పుడు జొన్నచేలు, చెరువుల క్రింద వరిమళ్ళు, తరువాత కాలంలో ద్రాక్షతోటలు. గట్లమీద తాళ్ళు, ఈతలు. ఈ దేశపు ఏ పల్లెలోనైనా ఆటబొమ్మల పంచాంగం పంటల పంచాంగంతోనే నడిచింది. వేసవిలో ముంజలు వస్తవి. ముంజలు తిన్న తరువాత మిగిలిన తాటికాయ బుర్రలు రెంటిని ఒక పుల్లతో గుచ్చితే ఇరుసూ చక్రాలూ సిద్ధం. పొడుగాటి పంగలకర్ర ఆ ఇరుసుకు ఆనించి నెట్టితే బండి పరుగెత్తుతుంది. ఏడెనిమిదేండ్ల అన్న నెట్టుతాడు, రెండేండ్ల తమ్ముడు వెంటపడుతాడు. కొద్దిసేపటికి కర్ర తమ్ముని చేతికి రాక తప్పదు, లేకపోతే ఇల్లు ఎగిరిపోతుంది. జొన్నకోతలైన తరువాత దంటు దొరుకుతుంది. దంటు పైబెరడును గోటితో చీల్చితే సన్నని బద్దలు, లోపల మెత్తని తెల్లని బెండు. బద్దలను బెండులో గ్రుచ్చితే మేకు లేకుండా, జిగురు లేకుండా ఎడ్లబండి నిలుస్తుంది. దానికే కాడి, దానికే ఎడ్లు. కళ్ళజోడు చేసి ముసలయ్యను వెక్కిరించినవారూ ఉన్నారు. ఈ బండి ఒక పూట కంటె బ్రతుకదు. పశువు నమిలివేస్తుంది, లేదా పసివాడే నములుతాడు.

ఏ కాలానికైనా దొరికేవి రెండున్నవి. ఒకటి తాటాకు. లేత ఆకును చీల్చి, నాలుగు పలకలుగా అల్లి, లోపల నాలుగు గులకరాళ్ళు వేసి మూసివేస్తే గిలక. అదే ఆకుతో చిలుకను అల్లి ఉయ్యాల పైన కడితే వెల్లకిలా పడుకొన్న బిడ్డ చూపు దానిమీదనే నిలుస్తుంది. రెండవది పాతచీర. పాతచీర మెత్తదనం క్రొత్తగుడ్డకు రాదు. ఎన్నో ఉతుకులు తిని తల్లి వాసన పట్టుకొన్న గుడ్డ అది. ఉండగా చుట్టి దారం కట్టితే తల, కొసలు వదిలితే పావడ. కన్ను ముక్కు లేకపోయినా అది పాపాయి అని పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. బ్రహ్మాండమైన పెండ్లిండ్లు జరిగినవి ఆ గుడ్డబొమ్మలకు.

పిల్లలు చేలలో ఎండిన జనుము కాయలను ఊపి గలగలమనిపించుకొనుట కూడా మామూలే. ఆ జాతి మొక్కలకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గిలక అని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి వచ్చినదే. అయితే ఆ గింజలలో విషం ఉన్నది. గురివింద గింజలో మరింత ఘోరమైన విషం ఉన్నది. ఎర్రగా నల్లగా అందంగా ఉన్నవని గురివిందలను పూర్వం బొమ్మలకు కళ్ళుగా అతికేవారు. ఒక్క గింజ నమిలినా ప్రాణానికి ముప్పు. పూర్వులు చేసినదంతా మంచిదేనని చెప్పుటకు మేము ఈ ప్రసంగం చేయుటలేదు.

దూలపల్లి చుట్టూ ఇప్పుడు జొన్నదంటు కావలెనంటే ఎక్కడికో పోవలె. ఒక ప్రక్క జీడిమెట్ల పరిశ్రమలు, మరొక ప్రక్క కొంపల్లి మేడలు పెరిగినవి. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2018లో దూలపల్లి కొంపల్లి పురపాలక సంఘంలో చేరింది. గ్రామం పట్టణమైతే రోడ్డు, దీపం, కుళాయి వచ్చినవి, సంతోషమే. కాని దంటు పోయినప్పుడు దంటును బండిగా మార్చే చేతివాటం కూడా వెంట పోయింది. ఆ చేతివాటం ఎవరూ వ్రాసి పెట్టినది కాదు. అన్న చేతినుండి తమ్ముని చేతికి దిగినది. ఒక్క తరం మధ్యలో తెగితే చాలు. దాని స్థానంలో అంగడి ప్లాస్టిక్ బొమ్మ వచ్చింది. మన పేదయిండ్లలో అదీ రాలేదు. ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. రోహసేనునికి బంగారుబండి పోయినా మట్టిబండి మిగిలింది. పనికోసం ఎక్కడెక్కడి నుండియో ఈ పొలిమేరకు వచ్చి ఒక్క గదిలో కాపురముండే కుటుంబాలలో, రెండింటిలో ఏదీ లేని పిల్లలున్నారు.

ఆ ఖాళీ వల్ల వచ్చే నష్టమేమిటి? ఆటబొమ్మ లేకపోతే ఎవరైనా చచ్చిపోయినారా అని అడిగే పెద్దలున్నారు. ఈ ప్రశ్నకు సమాధానం పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీ దేశపు ఫ్రోబెల్ కొంత చెప్పినాడు. 1840లో కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టిన ఆయన, పసివానికి మొట్టమొదట ఇయ్యదగిన ఆటవస్తువుగా నిర్ణయించినది దారానికి వ్రేలాడే మెత్తని ఉన్ని బంతి. మన ఉయ్యాల చిలుకకు అది దగ్గర చుట్టము. రోమునగరంలో 1907లో తన మొదటి బాలగృహం తెరచిన మాంటిసోరి, ధనికులు పంపిన ఖరీదైన బొమ్మలను పిల్లలు ముట్టుకొనకుండా చేతిపని సామగ్రి వైపే పోవుట చూచి విస్తుపోయినది; 1939లో ఆమె మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇవన్నీ అనుభవజ్ఞుల మాటలు. కొలిచి చూపించినవారు ఆ తరువాత వచ్చినారు.

కొలత జరిగిన చోటు జమైకా దీవి. 1986, 1987 సంవత్సరాలలో కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో, శాలీ గ్రాంథమ్ మెగ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు, వయసుకు తగిన ఎత్తు పెరగని 129 మంది పిల్లలను ఎంచుకొన్నారు. అందరూ 9 నెలలకూ 24 నెలలకూ మధ్య వయసువారు. వారిని నాలుగు గుంపులు చేసినారు. ఒక గుంపుకు వారానికి ఒక కిలో పాలపొడి ఆహారం ఇచ్చినారు. రెండవ గుంపు ఇండ్లకు వారానికొకసారి ఆరోగ్య సహాయకురాలు వెళ్ళి ఒక గంటసేపు తల్లినీ బిడ్డనూ కూర్చోబెట్టి ఆడించేది. మూడవ గుంపుకు రెండూ. నాలుగవదానికి ఆహారమూ లేదు, ఆటా లేదు. ఈ విధంగా రెండేండ్లు.

ఆ సహాయకురాలి సంచిలో ఏమున్నవి? ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, అట్టముక్కలు, గుడ్డబొమ్మలు, పత్రికలలో నుండి కత్తిరించి అతికిన బొమ్మల పుస్తకాలు. ఇంటింటా పారవేసే సామానే. ఒక వారం ఒక బొమ్మను ఆ ఇంట వదలి, మరుసటి వారం దానిని తీసికొని మరొకటి ఇచ్చేది. ఏ పిల్లవానికీ పది బొమ్మలు లేవు. కాని ప్రతి వారం క్రొత్తది ఒకటి ఉండేది. ఇంకా ముఖ్యమైనది, దానితో ఏమి ఆడవలెనో, ఏమి మాట్లాడవలెనో తల్లికి తెలిసేది.

1991లో లాన్సెట్ వైద్యపత్రికలో ఫలితాలు వచ్చినవి. పాలపొడి వల్ల మేలు జరిగింది. ఆట వల్లనూ మేలు జరిగింది. రెండూ కలిసినచోట మేలు మరింత ఎక్కువైంది. అంతటితో వదలలేదు. ఆ పిల్లలు 22 ఏండ్లవారైన తరువాత మళ్ళీ వెదకి పట్టుకొన్నారు. పసితనాన ఆట అందినవారి సంపాదన, అందనివారి కంటె నూటికి 25 వంతులు ఎక్కువగా ఉన్నదని 2014లో వెల్లడించినారు. ఆ లెక్క కట్టినవారిలో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ హెక్‌మన్ ఒకరు. ఇరవై ఏండ్ల క్రిందట చెత్తబుట్ట చేరిన అట్టముక్కల బొమ్మ ఆ జీతపు లెక్కలో బయటపడింది. అద్దాల బీరువాలో దొరకని సాక్ష్యం దొరికిన చోటు అదే.

ఆ పద్ధతినే కొంచెం మార్చి మన పొరుగున ఉన్న ఒడిషాలో, కటకం నగరపు 54 మురికివాడలలో 421 మంది పిల్లలతో పరీక్షించినారు. అక్కడా పిల్లల తెలివితేటలు మెరుగుపడినవని 2020లో ప్రకటించినారు. మన ఇంటిదగ్గరి పరిశోధన వేరొకటి ఉన్నది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తార్నాకలో స్థిరపడిన జాతీయ పోషకాహార సంస్థవారు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామాలలో, దాదాపు 600 మంది తల్లీబిడ్డలతో ఒక ప్రయోగం చేసినారు. బిడ్డకు 3 నెలలు నిండినప్పటి నుండి 15 నెలల దాకా. మూడవవంతు గ్రామాలలో అన్నప్రాశన తరువాత ఏమి పెట్టవలెనో చెప్పినారు. మరొక మూడవవంతు గ్రామాలలో ఆ మాటలతోపాటు, బిడ్డ సైగను చూచి తినిపించుటను, సాదాసీదా చౌక బొమ్మలతో ఆడించుటను కూడా నేర్పినారు. ఈ రెండవ రకం గ్రామాల బిడ్డలు మానసిక వికాస పరీక్షలో, మామూలు సేవలు మాత్రమే ఉన్న గ్రామాల బిడ్డల కంటె ముందున్నారని 2013లో ప్రచురించినారు. నల్లగొండ తల్లికి ముద్ద కలిపి పెట్టుట క్రొత్తగా నేర్పనక్కరలేదు. ముద్ద నోటికి పోయేటప్పుడు పాటా బొమ్మా కూడా ఉండవలెనన్నది మన అమ్మమ్మలకు ఎరుకే. చందమామను పిలువకుండా వారెవరూ అన్నం పెట్టలేదు.

బొమ్మలను అంగన్‌వాడీ సంగతి చెప్పకుండా ముగించరాదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 బ్లాకులలో ఆరంభమైనప్పటి నుండి, దొరికిన వస్తువులతో ఆటసామాను చేసికొనుట అంగన్‌వాడీ టీచరు శిక్షణలో ఒక భాగంగా ఉన్నది. అయితే ఆ తరగతి మూడేండ్లు నిండిన పిల్లలకు. అంతకు చిన్నవారు ఇంటనే ఉంటారు. అగ్గిపుల్లలతో, సైకిలు ట్యూబు ముక్కలతో విజ్ఞాన బొమ్మలు చేయుట దేశమంతటా నేర్పి 2018లో పద్మశ్రీ పొందిన అరవింద్ గుప్తాగారి బొమ్మలు కూడా బడి పిల్లలకే. తప్పటడుగుల పిల్లలకు ఇల్లే బడి.

ఆ ఇంటిలో ఏమున్నవో చూదాము. దూలపల్లి మేడలో నైనా, ప్రక్కన రేకులగదిలో నైనా, జొన్నదంటు లేదు గాని అట్టపెట్టెలున్నవి. వాకిటికి వచ్చే ప్రతి సరకూ అట్టపెట్టెలోనే వస్తున్నది. సబ్బు పెట్టెలు, పళ్ళపొడి పెట్టెలు పది పోగుచేసి, లోపల పాత వార్తాపత్రిక గట్టిగా కూరి, మైదా జిగురుతో కాగితం అతికి ఎండబెట్టితే తేలికైన ఇటుకలు. పిల్లవాడు పేర్చుతాడు, పడగొట్టుతాడు, నెత్తిమీద పడినా దెబ్బ తగలదు. పెద్ద అట్టపెట్టె ఒకటి చాలు, ఏడాది నిండిన బిడ్డ దానిని నెట్టుకొంటూ ఇల్లంతా తిరుగుటకు. వడ్రంగి నడకబండికి అది వారసురాలు. లాగుటకు త్రాడు కట్టితే మాత్రం, ఆట కాగానే త్రాడు విప్పి అందకుండా దాచవలె. పసిమెడకు త్రాడు చుట్టుకొనుటకు ఎంతో సేపు పట్టదు.

పారదర్శకమైన చిన్న సీసాలో గుప్పెడు కందిపప్పు వేసి మూత బిగిస్తే గిలక. మూతను జిగురుతో అతికి, దానిపైన గుడ్డ చుట్టి కుట్టవలె. సీసాకు పగులు వచ్చిననాడే పారవేయవలె. పాలపొడి డబ్బా ప్లాస్టిక్ మూతకు చీలిక కోసి, పెద్ద గాజంత ప్లాస్టిక్ వలయాలను అందులో వేయించుట ఏడాదిన్నర పిల్లలకు ఎంతకూ విసుగు పుట్టని ఆట. వేయుట కంటె, మూత తీసి కుమ్మరించుట మరింత ఇష్టం. ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు మూడు, ఒక చెక్కగరిటె ఇస్తే వంటయింటిలో తల్లికి అరగంట తెరపి దొరుకుతుంది, చెవులకు మాత్రం దొరకదు.

గింజలు, బొత్తాములు, పూసలు మూడేండ్లలోపు పిల్లల చేతికి విడిగా రాకూడదు. గొంతులో పడితే ఊపిరి ఆగుతుంది. కొలత కావలెనంటే, బొమ్మల ప్రమాణాలలో వాడే పరీక్ష గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదైనా పసివానికి పనికిరాదు. భారత ప్రభుత్వం బొమ్మల నాణ్యతకు తెచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలైనది. అది అమ్మే బొమ్మలకు. ఇంట చేసే బొమ్మకు తనిఖీదారు తల్లియే. చింతపిక్కల ఆటలు ఐదేండ్లు దాటిన అక్కలకు ఉంచవలె, ఆడిన తరువాత లెక్కపెట్టి ఎత్తిపెట్టవలె.

గుడ్డబంతి చేయుటకు సూదీ దారమూ చాలు. మెత్తబడిన నూలుచీర కొంగు నుండి తామరరేకు ఆకారంలో ఆరు ముక్కలు, రెండు మూడు రంగులవి, కత్తిరించవలె. వెనుకవైపునుండి దగ్గరదగ్గరగా రెండుసార్లు కుట్టి, చివర చిన్న సందు వదలి, తిరగవేసి, లోపల అవే చీర పేలికలు కూరవలె. దూది ఉండకట్టి బయటికి వస్తుంది, పేలికలు రావు. సందు మూసి, ముడి లోపలికి పోయేటట్లు దారం త్రెంచవలె. పిల్లవాని పిడికిటికి అందేటంత చిన్నదిగా, నోటిలో పట్టనంత పెద్దదిగా ఉండవలె. వారానికొకసారి సబ్బుతో ఉతికి ఎండలో వేయవలె. లోపలి పేలికలు పూర్తిగా ఆరుటకు రెండు రోజుల ఎండ పడుతుంది కనుక, రెండు బంతులు చేసి ఉంచుట మేలు.